రెండో తాళం

పాలవాగు కాలువ కింద ఉన్న కొత్తలంకలో నూకరాజు అనే రైతు ఉండేవాడు, కష్టపడే మనిషే గానీ అతని చెయ్యి ఎప్పుడూ ముందు నడిచేది, ఆలోచన వెనక పరిగెత్తుకుంటూ వచ్చేది. ఎద్దు మొరాయిస్తే చెయ్యి లేచేది. సంతలో బేరం కుదరకపోతే గొంతు లేచేది. తర్వాత ఇంటికొచ్చి అరుగుమీద కూలబడి, "అయ్యో, అంత మాట అనకుండా ఉండాల్సింది" అని తల పట్టుకునేవాడు. అప్పుడు తల పట్టుకుంటే ఏం లాభం? అవతలివాడికి తగలాల్సింది తగిలేసేది.

ఆ ఊళ్లో అన్నిటికంటే పెద్ద పదవి ఏదో చెప్పుకోండి చూద్దాం. సర్పంచి అంటారేమో, కాదు. తూముపెద్ద. పెద్దకాలువ నీళ్లు ఊళ్లోకి వచ్చే చోట ఒక తూము ఉండేది. అక్కణ్ణించి మూడు పిల్లకాలువలు చీలేవి. ఒక్కో కాలువకి ఒక్కో ఇనప తలుపు. మూడు తలుపులకీ కలిపి ఒకటే గొలుసు, ఒకటే తాళం. ఆ తాళంచెవి ఎవరి మొలతాడుకి వేలాడితే ఊరి పంట వాళ్ల చేతిలో ఉన్నట్టే. ఏటా తొలకరికి ముందు రైతులంతా కళ్లంలో కూడి, చేతులెత్తి తూముపెద్దని ఎన్నుకునేవారు.

ఒక ఏడాది వానలు మొహం చాటేశాయి. అప్పుడు తూముపెద్ద పేర్రాజు గారు. తెల్లటి పంచె, నున్నగా దువ్విన క్రాపు, మాటకి ముందు ఒక దగ్గు. ఆయనగారి హయాంలో నీళ్లు ఆయన చేలకు పారేవి, ఆయన బావమరిది చేలకు పారేవి, ఆ తర్వాత ఏమయ్యేవో ఆ దేవుడికే తెలియాలి. కాలువ చివరన ఉన్న కొస చేలవాళ్లు వెళ్లి అడిగితే, "వస్తాయయ్యా, వస్తాయి, నీళ్లకేమైనా కాళ్లున్నాయా పరిగెత్తుకు రావడానికి?" అనేవాడు.

నూకరాజు నారుమడి కళ్లముందే ఎండిపోయింది. ఇంకేముంది! చెయ్యి లేచింది. మిట్టమధ్యాహ్నం గునపం భుజాన వేసుకుని తూము దగ్గరికి వెళ్లాడు. తాళం పగలగొట్టాడు. తన చేను వైపు తలుపు ఎంత ఎత్తుకు లేస్తుందో అంతా ఎత్తేశాడు. నీళ్లు ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. పిల్లకాలువ గట్టు ఆ ఉధృతికి ఆగలేదు. గండి పడి, పక్కనే ఉన్న వరహాలమ్మ చేను నిండా ఇసక మేట వేసింది. ఆమె భర్త అప్పన్న తలుపు దించుదామని పరిగెత్తుకొచ్చాడు. నూకరాజు అతన్ని ఒక్క తోపు తోశాడు. అప్పన్న తూము రాళ్లమీద పడ్డాడు. తొడ ఎముక విరిగింది. ఆ తర్వాత అతను మళ్లీ నాగలి పట్టలేదు.

పోలీసులు వచ్చారు. కేసు నడిచింది. "నేను కాదు, ఎవరో తోశారని చెప్పు, మిగతాది నేను చూసుకుంటాను" అన్నాడు వకీలు. నూకరాజు వినలేదు. "నేనే పగలగొట్టాను. నేనే తోశాను" అని కోర్టులో చెప్పేశాడు. జైలుకి పోయాడు. అతని భార్య సూరీడమ్మ ఒంటిచేత్తో వ్యవసాయం లాక్కొచ్చింది.

జైలు నుంచి వచ్చినరోజు నూకరాజు తన ఇంటికి పోకుండా ముందు అప్పన్న ఇంటికి వెళ్లాడు. గుమ్మంలో వరహాలమ్మ నిలబడి ఉంది.

"తప్పయిపోయింది వదినా" అన్నాడు.

"వదినా గిదినా అనకు. లోపలికి రాకు" అంది వరహాలమ్మ, తలుపు వేసేసింది.

మర్నాడు అతను పార పట్టుకుని ఆమె చేలో ఇసక ఎత్తిపోయడానికి దిగాడు. ఆమె గట్టుమీదికి వచ్చి, "నా చేలో కాలు పెట్టకు" అంది. నూకరాజు పార భుజాన వేసుకుని పైకి వచ్చేశాడు. మరి చెయ్యి ఊరికే ఉండదుగా! అందుకని కాలువ గట్లమీద పడ్డాడు. గండ్లు పూడ్చాడు. నీళ్లకి అడ్డంగా పెరిగిన తూటికాడ పీకాడు. పూడిక తీశాడు. ఎవరూ చెయ్యమనలేదు, ఎవరూ వద్దనలేదు.

జైలుకెళ్లి వచ్చి మునీశ్వరుడైపోయాడని మాత్రం అనుకోకండి. అదేం లేదు. కోపం అలాగే ఉండేది. కాకపోతే కోపం వచ్చినప్పుడల్లా రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, పళ్లు బిగించి నిలబడేవాడు. చూసేవాళ్లకి నవ్వొచ్చేది. నాకైతే రాదు. తన చేతులకి తానే కాపలా కాయడం ఎంత కష్టమో మీరూ ఒకసారి ప్రయత్నించి చూడండి.

ఇలా కొన్నేళ్లు గడిచాయి. మళ్లీ తూముపెద్దని ఎన్నుకునే రోజు వచ్చింది. కళ్లం నిండా జనం. పేర్రాజు గారు దగ్గి, "ఈసారీ నేనే ఉంటాను, మీకెందుకు శ్రమ" అన్నాడు. అప్పుడు కొస చేల రైతులు లేచారు. వాళ్ల పొలాలకి నీళ్లు అందక ఏళ్లయింది. "మాకు నూకరాజు కావాలి" అన్నారు.

కళ్లంలో కలకలం రేగింది. నూకరాజే అందరికంటే ఎక్కువ ఉలిక్కిపడ్డాడు. "నన్నా? మీకేమైనా మతి పోయిందా?" అన్నాడు.

"గండ్లు పూడ్చేది నువ్వు. పూడిక తీసేది నువ్వు. తీసిన కాలువలో నీళ్లు రాకపోతే ఏం చేసుకుంటాం? కాలువలో ముగ్గులు పెట్టుకుంటామా?" అన్నాడు ఒక ముసలి రైతు.

పేర్రాజు గారు పకపకా నవ్వాడు. "బాగుందయ్యా బాగుంది! తాళం పగలగొట్టినవాడికే తాళంచెవి ఇస్తారా? నా మీద ఒక్క కేసుందా? ఒక్కసారైనా ఠాణా గుమ్మం తొక్కానా? వీడు జైలుకూడు తిన్న మనిషి!"

నిజమే. పేర్రాజు గారి మీద ఒక్క కేసూ లేదు. బావమరిది చేలకి నీళ్లు పెడితే కేసు ఎవరు పెడతారు!

నూకరాజు చేతులు వెనక్కి పోయాయి. తర్వాత జనం మధ్యకి వచ్చి నిలబడ్డాడు. "పేర్రాజు గారు చెప్పింది నిజం. తాళం పగలగొట్టాను. అప్పన్నని తోశాను. అతను ఇవాళ్టికీ కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. శిక్ష అయిపోయిందని కోర్టు అంది గానీ, అతని కాలు బాగవలేదు. ఆ సంగతి మరిచిపొమ్మని నేను అడగను. ఇది తెలిసే మీరు చెయ్యెత్తితే నీళ్లు వంతు ప్రకారం వదులుతాను. నా చేను అన్నిటికంటే ఆఖరున తడుపుకుంటాను. ఎత్తకపోతే గండ్లు పూడుస్తాను. అంతే."

అందరి చూపులూ వరహాలమ్మ వైపు తిరిగాయి. ఆమె ఏమంటుందో వినాలని ఊరంతా చెవులు రిక్కించింది. ఆమె నెమ్మదిగా లేచింది.

"నేను ఇతన్ని క్షమించలేదు. క్షమించమని ఎవరూ నన్ను అడగొద్దు. అది నా ఇష్టం. కానీ కొస చేలు బీడుపడి ఉన్నాయి. అక్కడా పిల్లలున్నారు, వాళ్లకీ కడుపులున్నాయి. అందుకని ఒక షరతు. గొలుసుకి రెండో తాళం వెయ్యాలి. దాని చెవి నా దగ్గర ఉండాలి. నేను లేకుండా అతను తియ్యకూడదు, అతను లేకుండా నేను తియ్యకూడదు. ఒప్పుకుంటాడా?"

"ఒప్పుకుంటాను" అన్నాడు నూకరాజు. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

వరహాలమ్మ పేర్రాజు గారి వైపు తిరిగింది. "పేర్రాజు బాబూ, మీరు గెలిచినా అదే షరతు. రెండో తాళంచెవి కొస చేలవాళ్ల దగ్గర ఉంటుంది. ఒప్పుకుంటారా?"

పేర్రాజు గారి మొహం కందగడ్డయింది. "నాకు కాపలానా? నేనేమైనా దొంగనా? మా తాత తూముపెద్ద, మా నాన్న తూముపెద్ద! మా ఇంటావంటా లేదు ఇలాంటి అవమానం!"

"దొంగ అనలేదు బాబూ, తాళం అన్నాను" అంది వరహాలమ్మ.

జనంలో కిసుక్కున నవ్వులు. చేతులు లేచాయి. నూకరాజు కొద్ది తేడాతో గెలిచాడు. వరహాలమ్మ మాత్రం చెయ్యెత్తలేదు. ఇంటికెళ్లి తన ధాన్యపు కొట్టుకి ఉన్న పెద్ద తాళం ఊడదీసుకొచ్చి గొలుసుకి వేసింది.

ఆ రోజు నుంచీ చూడాలి తమాషా! పొద్దున్నే ఇద్దరూ తూము దగ్గరికి వచ్చేవారు. అతను తన తాళం తీసేవాడు. ఆమె తన తాళం తీసేది. అతను తలుపు ఎత్తేవాడు. మళ్లీ గొలుసు, మళ్లీ రెండు తాళాలు. అతను అటు, ఆమె ఇటు. ఒక్క మాటుండేది కాదు. తాళాలు టక్కుటక్కుమని మాట్లాడుకునేవి గానీ మనుషులు మాట్లాడుకునేవారు కాదు.

కానీ నీళ్లు! అబ్బ, నీళ్లు ఎక్కడిదాకా వెళ్లాయో తెలుసా? వంతు కొసనుంచి మొదలుపెట్టించాడు నూకరాజు. ఎన్నాళ్లకో కొస చేలకి తడి తగిలింది. బీడు దున్నారు. నాట్లు వేశారు. అక్కడి ఆడవాళ్లు పిల్లకాలువలో కాళ్లు పెట్టుకుని కూర్చుని, పని మానేసి, ఊరికే నీళ్లని చూస్తూ నవ్వుకున్నారు.

అంతా సవ్యంగా సాగితే నేను ఈ కథ చెప్పేవాణ్ణే కాదు. వరి పొట్టమీదికి వచ్చే వేళకి వానలు ఎగ్గొట్టాయి. పెద్దకాలువలోనూ నీళ్లు సన్నగిల్లాయి. పొట్టదశలో వరికి నీళ్లు అందకపోతే కంకిలో గింజ పట్టక తాలు పోతుంది. అంతవరకూ పడ్డ కష్టమంతా గాలికి పోయినట్టే. ఆ వారం కొస కాలువ వంతు నడుస్తోంది. మధ్య కాలువ కింద ఉన్న వరహాలమ్మ చేను వంతు ఇంకా రాలేదు. ఆమె చేలో ఇసక మేట పూర్తిగా పోలేదుగా, అందుకే అందరికంటే ముందు అదే ఎండింది. ఇసక లేని చోట నేల నెర్రెలు విచ్చింది.

ఆ మధ్యాహ్నం ఆమె నూకరాజు చేను గట్టుమీదికి వచ్చింది. ఇన్నేళ్లలో తనంతట తాను అతని దగ్గరికి రావడం అదే మొదలు.

"తాళంచెవి పట్టుకుని తూము దగ్గరికి రా" అంది.

నూకరాజు చేతిలో కొడవలి పడేసి వెంట నడిచాడు. తూము ఎక్కడైనా కారుతోందేమో, గొలుసు తెగిందేమో అనుకున్నాడు. తూము దగ్గరికి వెళ్లాక ఆమె తన తాళం తీసింది. "నీది తియ్యి" అంది.

"ఇప్పుడెందుకు? ఇవాళ కొస కాలువ వంతు కదా?"

"మధ్య తలుపు ఎత్తు. ఒక్క పూట. నా చేను తడిస్తే చాలు. ఎవరికీ తెలియదు."

నూకరాజు గొలుసు దగ్గర్నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఏం, తియ్యవా?" అంది వరహాలమ్మ. "నా మొగుడి కాలు విరగ్గొట్టావు. నా చేలో ఇసక నింపావు. ఇన్నేళ్లలో నిన్ను ఏమైనా అడిగానా? ఒక్కటంటే ఒక్కటి అడిగానా? ఇవాళ అడుగుతున్నాను. పైరు చచ్చిపోతోంది నూకరాజూ!"

నూకరాజు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎవరికి కాదనాలన్నా అతనికి ఇంత కష్టం కాదు. అతని చెయ్యి మొలతాడు మీదికి పోయింది. తాళంచెవి పట్టుకుంది. అప్పుడు అతను ఆ చేతిని గట్టిగా లాక్కుని వెనక్కి కట్టుకున్నాడు.

"అమ్మా, మీకు నేను ఏమిచ్చినా తక్కువే. నా ప్రాణం అడిగినా ఇస్తాను. కానీ ఈ నీళ్లు నావి కావు. నావి కాని నీళ్లు ఆ రోజు నాకోసం తీశాను, ఇవాళ మీకోసం తియ్యాలా? అప్పుడూ ఇప్పుడూ ఒకటే తప్పు. మా ఇంటి బావి ఉంది, కావిడితో మోసుకొచ్చి మీ మళ్లలో పోస్తాను. సాయంత్రం దాకా మోస్తాను. తలుపు మాత్రం ఎత్తను."

"నా చేలో కాలు పెట్టొద్దన్నానుగా!" అంది వరహాలమ్మ. తాళం ఠక్కున మళ్లీ వేసేసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విసవిసా వెళ్లిపోయింది.

కాలువ అవతలి గట్టుమీద నిలబడి ఇదంతా చూసినవాడు ఒకడున్నాడు. ఇంకెవరు? పేర్రాజు గారే. మాటలు వినిపించేంత దగ్గర్లో లేడు. ఇద్దరూ గొలుసు దగ్గర నిలబడడం చూశాడు. ఆమె తాళం తీయడం చూశాడు. ఆమె ఏడుస్తూ వెళ్లడం చూశాడు. మిగతాదంతా బుర్రలో అల్లేసుకున్నాడు. పెద్దకాలువ తగ్గిపోయి, సరిగ్గా ఆ సాయంత్రమే కొస కాలువలోనూ నీళ్లు అడుగంటాయి. ఇంకేం కావాలి ఆయనకి?

మర్నాడు పొద్దున్నే కళ్లంలో ఊరు కూడింది. పేర్రాజు గారు మెడ నిక్కించుకుని నిలబడ్డాడు. రెండుసార్లు దగ్గాడు.

"చెప్పానా, లేదా? జైలుకూడు తిన్న చెయ్యి ఊరుకోదని చెప్పానా, లేదా? నిన్న మిట్టమధ్యాహ్నం వంతు కాని వేళ ఈ నూకరాజు తూము దగ్గర ఉన్నాడు. పాపం ఆ వరహాలమ్మని బెదిరించి లాక్కొచ్చాడు, ఆమె చేత తాళం తీయించాడు. ఆమె ఏడ్చుకుంటూ పోతుంటే నా కళ్లతో చూశాను. సాయంత్రానికి కొస కాలువలో నీళ్లు లేవు! ఇవాళే కట్టుబాటు చేద్దాం. జైలుకెళ్లొచ్చినవాడు ఈ ఊళ్లో ఏ పదవికీ, ఎప్పటికీ పనికిరాడు!"

జనం భగ్గుమన్నారు. అందరికంటే ఎక్కువ కొస చేలవాళ్లే. వాళ్లు నమ్మి చెయ్యెత్తినవాళ్లు మరి! "ఇదేనా నువ్వు మాకు చేసింది?" అని ముసలి రైతు అరిచాడు. సూరీడమ్మ మొగుడి వైపు బెదురుగా చూసింది. 'ఆడకూతుర్ని బెదిరించాడు' అన్నమాట వినగానే అతని మెడ నరాలు ఉబ్బడం ఆమెకి కనిపించింది. పక్కనున్నవాళ్లు రెండడుగులు వెనక్కి వేశారు. నూకరాజు రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. వేళ్లు తెల్లబడేంత గట్టిగా పట్టుకున్నాడు.

"తూము దగ్గరికి వెళ్లావా, లేదా?" అన్నాడు పేర్రాజు గారు.

"వెళ్లాను."

"తాళం తీశావా?"

"నేను తియ్యలేదు. తలుపు ఎత్తలేదు."

"మరి ఎందుకు వెళ్లావు?"

నూకరాజు తలవంచుకున్నాడు. నిజం చెప్తే తను బయటపడతాడు. వరహాలమ్మ పరువు బజారున పడుతుంది. ఆమెకి తను చేసిన చెరుపు చాలదూ? "అది నేను చెప్పను" అన్నాడు.

"చూశారా, చూశారా! నీళ్లు నములుతున్నాడు!" అన్నాడు పేర్రాజు గారు చప్పట్లు చరిచి. "తాళంచెవి ఇక్కడ పెట్టు!"

నూకరాజు మొలతాడు నుంచి తాళంచెవి విప్పాడు. నేలమీద పెట్టాడు. సూరీడమ్మ బావురుమంది.

ఇప్పుడు వరహాలమ్మ సంగతి ఆలోచించండి. ఊరంతా ఆమెని చూసి అయ్యోపాపం అంటోంది. ఆమె ఏమీ అనక్కర్లేదు. ఒక్క మాట మాట్లాడకుండా కూర్చుంటే చాలు. మొగుడి కాలు విరిచినవాడు జన్మలో మళ్లీ తలెత్తకుండా పోతాడు. ఆమె చేసింది ఎవరికీ తెలియదు. ఇన్నేళ్ల కసి కూర్చున్నచోటే తీరిపోతుంది. ఎంత సుఖం! మీరైతే ఏం చేసేవారు? తొందరపడి చెప్పకండి.

వరహాలమ్మ లేచింది. ఎవరితోనూ మాట్లాడకుండా కళ్లం దాటి గబగబా తన చేలోకి వెళ్లింది. జనం ఏమీ అర్థంకాక చూస్తూ ఉండిపోయారు. తిరిగి వచ్చినప్పుడు ఆమె కొంగులో ఒక పెద్ద మట్టిపెళ్ల ఉంది. దాన్ని పేర్రాజు గారి కాళ్ల ముందు పడేసింది. ఎండిన పెళ్ల పెఠిల్లున పగిలింది.

"ఇది నా చేలో మట్టి. నిన్న మధ్య తలుపు ఎత్తి ఉంటే ఇది ఇలా ఉంటుందా? వెళ్లి చూసుకోండి, నెర్రెల్లో చెయ్యి పడుతుంది!" అంది. ఆమె గొంతు కళ్లం చివరిదాకా వినిపించింది. "నన్ను ఎవరూ బెదిరించలేదు. నేనే అతన్ని పిలిచాను. నేనే తాళం తీశాను. దొంగతనంగా ఒక్క పూట నీళ్లు వదలమని నేనే అడిగాను. నా మొగుడి కాలు అడ్డం పెట్టి మరీ అడిగాను!"

ఆమె వేలెత్తి నూకరాజుని చూపించింది.

"అతను ఏడ్చాడు. ఏడ్చి కూడా ఎత్తనన్నాడు. వినండి, ఈ లోకంలో అతను కాదనలేని మనిషంటూ ఉంటే అది నేను. నాకే కాదన్నవాడు ఇంకెవరికి దోచిపెడతాడు? బావమరిదికా?"

ముందు ఎవరో ఒకరు నవ్వారు. ఆ తర్వాత కళ్లం మొత్తం ఘొల్లుమంది. పేర్రాజు గారు దగ్గబోయాడు, దగ్గు రాలేదు. "నేను చూసిందే చెప్పాను" అని గొణిగాడు.

"చూసింది నిజమే బాబూ. బెదిరించాడన్నది మాత్రం మీరు అల్లుకున్నది" అంది వరహాలమ్మ. తర్వాత ఊరివైపు తిరిగి, "తప్పు చెయ్యబోయింది నేను. నాకు ఏ శిక్ష వేస్తారో వెయ్యండి" అంది.

ఇంతలో పైఊరి నుంచి సైకిలు మీద వస్తున్న రైతు ఒకడు ఆగి, పెద్దకాలువకే నీళ్లు తగ్గించారని, తమ ఊళ్లోనూ నిన్న సాయంత్రం నుంచి ఇదే గోల అని, ఇప్పుడే మళ్లీ కాస్త వదిలారని చెప్పాడు. కొస చేలవాళ్లు సిగ్గుతో తలలు దించుకున్నారు. ముసలి రైతు వంగి నేలమీద ఉన్న తాళంచెవి తీశాడు. పంచెకి తుడిచాడు. నూకరాజు చేతిలో పెట్టి, ఆ చేతిని తన రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నోరు జారాను నాయనా" అన్నాడు. తర్వాత తనవాళ్ల వైపు తిరిగి, "ఏమర్రా, ఇవాళ మన వంతే కదా? మన పైర్లకి ఇంకా తడి ఉంది. ఒక పూట వరహాలమ్మకి ఇద్దాం. ఏమంటారు?" అన్నాడు.

"ఇద్దాం!" అని కొస చేలవాళ్లంతా ఒక్క గొంతుతో అరిచారు.

వరహాలమ్మ అంతవరకూ రాయిలా నిలబడింది. ఆ మాటతో కూలబడి ఏడ్చేసింది. నిన్న తను దొంగచాటుగా అడిగిన నీళ్లు ఇవాళ ఊరే పిలిచి ఇచ్చింది.

ఊరు ఊరంతా తూము దగ్గరికి కదిలింది. అప్పన్న కర్ర పొడుచుకుంటూ ముందు నడిచాడు. ఎవరో డప్పు అందుకున్నారు. టక్కుమని ఒక తాళం, టక్కుమని రెండో తాళం. నూకరాజు మర తిప్పాడు. మధ్య తలుపు కిర్రుమంటూ లేచింది. నీళ్లు ఎండిన కాలువలోకి దూకాయి. పిల్లలు ఆ నీళ్ల మొనతో పాటు గట్టుమీద కేకలేస్తూ పరిగెత్తారు. నెర్రెలు గుటగుటమని నీళ్లు తాగాయి.

"ఇంకాస్త ఎత్తు నూకరాజూ, గట్టుకి ఏమీ కాదులే, నువ్వు పూడ్చిందేగా" అంది వరహాలమ్మ.

అతను ఎత్తాడు. ఆమె కాసేపు నీళ్ల వైపు చూసి, "క్షమించేశానని అనుకోకు" అంది.

"అనుకోను" అన్నాడు నూకరాజు.

"తూము మాత్రం నీ చేతిలోనే ఉండాలి."

ఆ ఏడు కొత్తలంకలో కొస చేలు కూడా పండాయి. పేర్రాజు గారు చెప్పిన కట్టుబాటుకి ఒక్క చెయ్యీ లేవలేదు. దాని బదులు ఊరు ఇంకో కట్టుబాటు చేసుకుంది. తూముపెద్ద ఎవరైనా సరే, జైలుకెళ్లొచ్చినవాడైనా, ఠాణా గుమ్మం తొక్కనివాడైనా, గొలుసుకి రెండు తాళాలు ఉండాల్సిందే. రెండో తాళంచెవి ఆ మనిషిని అందరికంటే తక్కువ నమ్మేవాళ్ల దగ్గర ఉండాల్సిందే.

మరుసటి ఏడు మళ్లీ నూకరాజునే ఎన్నుకున్నారు. ఈసారి అందరికంటే ముందు లేచిన చెయ్యి వరహాలమ్మది. చెయ్యెత్తింది కాబట్టి రెండో తాళంచెవికి ఆమె పనికిరాదన్నారు. మరి నూకరాజుని అందరికంటే తక్కువ నమ్మేది ఎవరు? కళ్లం అంతా ఒకేసారి వెనక్కి తిరిగి చూసింది. పాపం పేర్రాజు గారు! ఆ ఏడాది పొడుగునా తెల్లారగానే తెల్ల పంచె మోకాళ్ల దాకా ఎగ్గట్టుకుని, దగ్గుకుంటూ, బురదలో తూము దగ్గరికి వెళ్లేవాడు. ఎంత కళ్లు పెద్దవి చేసుకుని చూసినా ఒక్క చుక్క నీళ్లు దారి తప్పడం ఆయనకి కనిపించలేదు. చివరికి ఊళ్లోకి వచ్చి, "వీడు నిజంగానే దొంగనీళ్లు తియ్యడంలేదర్రా!" అని ఆయనే చాటింపు వేసినట్టు అందరికీ చెప్పుకు తిరిగాడు. ఊరంతా కడుపుబ్బ నవ్వుకుంది, నూకరాజు కూడా నవ్వాడు.

నీతి: తప్పు ఒప్పుకుని, శిక్ష అనుభవించి, తన మీద కాపలాకి తానే ఒప్పుకున్నవాడికి పదవి ఇవ్వవచ్చు, నాకు కాపలా ఏమిటన్నవాడికి, ఒక్క కేసు లేకపోయినా సరే, ఇవ్వకూడదు.